సర్వీసు పుస్తకం

పాత బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను ముందు ఇంజన్ మీద చెయ్యి పెడతాను. వెచ్చగా తగిలితే, మనం వచ్చేలోపే దాన్ని ఒకసారి స్టార్ట్ చేసి ఆపేశారని అర్థం. చల్లటి ఇంజన్ దాచలేనివన్నీ వేడి ఇంజన్ దాచేస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే దగ్గు, సైలెన్సర్‌లోంచి వెలువడే మొదటి పొగ రంగు, టైమింగ్ చైన్ గలగల, ఇవన్నీ ఆ మొదటి నిమిషంలోనే బయటపడతాయి. కిందటేడు నవంబర్‌లో ఒక ఆదివారం టోలిచౌకిలో ఓ ఇంటి ముందు వంగి చెయ్యి పెట్టాను. ఇంజన్ చల్లగా ఉంది. మనిషి నిజాయితీపరుడే అనుకున్నాను.

అప్పటికి నేను మట్టిలో బండి నడిపి పందొమ్మిదేళ్ళయింది. కుర్రతనంలో నాకో యమహా ఆర్ఎక్స్ 100 ఉండేది. 98 సీసీ, టూ స్ట్రోక్, బరువు వంద కిలోలకు కాస్త ఎక్కువ. ముందు మడ్‌గార్డు పైకెత్తించి, బొడిపెల టైర్లు వేయించుకుని ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ రాళ్ళలో పడి తిరిగేవాణ్ణి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక కూడా ఆ వైపంతా చాలాకాలం బండలూ తుప్పలే. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ అది. దాని మీద టైరు పట్టు దొరికినప్పుడు కలిగే ధైర్యం వేరు. తడి బండ మీద ఆ పట్టు జారినప్పుడు వచ్చే బుద్ధి వేరు. 2006లో రెండో పాప పుట్టినప్పుడు బండి అమ్మేశాను. ఆ రాళ్ళలో సగం ఇప్పుడు అపార్ట్‌మెంట్ల పునాదుల కింద ఉన్నాయి.

యాభై దాటాక మళ్ళీ మట్టిలోకి దిగుదామనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇరవై ఐదేళ్ళప్పటి మీకోసం బండి కొనకండి. మనసులో ఉన్నది ఆనాటి నడుమే కానీ బండిని లేపాల్సింది ఈనాటి నడుము. రాళ్ళలో బండి పడి తీరుతుంది, దాన్ని మీరొక్కరే లేపుకోవాలి. పాత హిమాలయన్ నాకెంతో ఇష్టం. కానీ అది 200 కిలోలకు దగ్గర. కవాసకీ కేఎల్ఎక్స్ 140 దూదిలా తేలిక, కానీ దానికి రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషన్ ఉండదు, మట్టి దాకా వ్యాన్‌లో మోసుకుపోవాలి. హీరో ఇంపల్స్ 2011లో వచ్చిన మంచి బండి, 134 కిలోలే. తయారీ ఆపేసి ఏళ్ళు గడిచాయి కాబట్టి విడిభాగాల కోసం ఊరంతా తిరగాలి. ఇవన్నీ పక్కన పెడితే మిగిలింది అదే కంపెనీ 2019లో తెచ్చిన ఎక్స్‌పల్స్ 200. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18. దాదాపు 160 కిలోలు. ఏ గల్లీ మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. 2021 చివర్లో నాలుగు వాల్వుల ఇంజన్‌తో ఇంకొకటి వచ్చింది. నాకు కావలసింది అదే.

అది టోలిచౌకిలో ఉందని మా మెకానిక్ చెప్పాడు. "సినిమావాళ్ళ బండి సార్, జాగ్రత్తగా చూస్కోండి" అని కూడా అన్నాడు.

ఫిల్మ్ నగర్ గుట్ట దిగి షేక్‌పేట దగ్గర పాత బొంబాయి రోడ్డెక్కి ఎడమకు తిరిగితే టోలిచౌకి. 2022 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ పైనుంచి పోయేవాళ్ళకు ఈ ఊరు కనిపించదు. కింద నుంచి పోవాలి. గెలాక్సీ థియేటర్ దాటి సెవెన్ టూంబ్స్ రోడ్డు వైపు ఓ గల్లీలోకి తిరిగాను. మిద్దెల సందుల్లోంచి కుతుబ్‌షాహీ గుమ్మటం ఒకటి కనిపిస్తోంది. గుట్ట మీద స్టూడియోలు, గుట్ట కింద ఆ స్టూడియోల్లో పనిచేసేవాళ్ళ అద్దె ఇళ్ళు.

ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకతను కూర్చున్నాడు. నలభై రెండో నలభై మూడో ఉంటాయి. మెలితిరిగిన చేతులు, సన్నటి నడుము. నన్ను చూసి లేవలేదు.

"రా అన్నా. బండి అదే. మంచిగ చూస్కో. ఏడ పట్టుకుంటవో పట్టుకో" అన్నాడు కూర్చున్నచోటి నుంచే.

ఆయన ఫైటర్. ఇరవై ఏళ్ళుగా బండి షాట్లు చేస్తున్నాడు. హీరో హెల్మెట్ పెట్టుకుని గోడ దూకాడంటే ఆ హెల్మెట్ లోపల ఉన్నది ఈయనే. హెల్మెట్ తీసే షాట్ వేరే రోజు, వేరే మనిషితో. తను నడిపే బండిని తనే తెచ్చుకుంటాడు, బండికి అద్దె వేరుగా వస్తుంది. "కొత్త బండిచ్చి దుంకమంటే ఎట్ల దుంకుత అన్నా? దాని షాకబ్జార్ ఎంత లోపలికి పోతదో నాకు తెల్వాలె గదా" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మట్టి ఎరిగిన మనిషి మాట అది.

పని మొదలుపెట్టాను. ఈ పనిలో నేను ఎవరి దగ్గరా మొహమాటపడను. బండిని స్టాండ్ మీద నిలబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాను. మధ్యలో ఎక్కడైనా గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ పోయినట్టు. ఆగలేదు. హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు వెళ్ళి ఆనే ఇనుప బొడిపెలు మెడ దగ్గర ఉంటాయి. పెద్ద దెబ్బ తగిలిన బండికి అవి నొక్కుకుపోయి ఉంటాయి, ఎన్ని రంగులు వేసినా ఆ నొక్కు పోదు. ఇక్కడ ఎడమ వైపు కొద్దిగా నొక్కు ఉంది. మనసులో రాసుకున్నాను.

ఫోర్కు గొట్టాల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగాను. ఎక్కడా గోరు తట్టుకోలేదు, సీళ్ళ దగ్గర ఆయిల్ చెమ్మ లేదు. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ టకటకలాడలేదు. చక్రాల పుల్లల్ని స్పానర్‌తో ఒక్కొక్కటే మీటాను. బిగువైన పుల్ల ఖంగుమంటుంది, వదులుది చప్పగా పలుకుతుంది. అన్నీ ఖంగుమన్నాయి. ముందు చక్రం పుల్లల్లో కొన్ని మిగతావాటికంటే కొత్తగా మెరుస్తున్నాయి, రిమ్ము కూడా మార్చిందే. హ్యాండిల్ బార్ కంపెనీది కాదు. ఎడమ వైపు ఇంజన్ మూత కొత్తది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి లోపలి గోడ మీద వేలు పెట్టి తుడిచాను. వేలికి ఇసుక అంటితే ఆ ఇంజన్ ఇసుక తిన్నట్టే, ఇక చూడనక్కర్లేదు. వేలు శుభ్రంగా వచ్చింది. ఫుట్‌రెస్ట్‌లు ఫ్రేమ్‌కి అతుక్కునే చోట నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాను. దూకిన బండికి పగులు మొదలయ్యేది అక్కడే. వెల్డింగు గుర్తు లేదు.

ఇదంతా చేస్తున్నంతసేపూ ఆయన కుర్చీలోంచి లేవలేదు. చేతిలో పొడవాటి స్క్రూడ్రైవర్ పట్టుకుని "అగో, ఆడ సూడు", "ఇగో, దాని కింద" అని చూపిస్తూ ఉన్నాడు. నాకది నచ్చలేదు. అమ్మేవాడు పక్కన నిలబడాలి, వంగాలి, కలిసి చూడాలి.

"తమ్ముడూ, నువ్వొక రౌండ్ వేసి చూపించు. గేర్ ఎలా పడుతుందో బయట నిలబడి వింటాను" అన్నాను.

ఆయన గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది.

"నువ్వే నడిపి చూడన్నా. నేను నడిపితే అన్ని బండ్లు మంచిగనే ఉంటయ్" అన్నాడు.

ఆ జవాబు నాకు అనుమానం తెప్పించింది. బండి మీదే ఇరవై ఏళ్ళు బతికిన మనిషి తన బండి మీద కూర్చోవడానికి ఎందుకు ఇష్టపడడు? ఏదో లోపం ఆయనకు తెలుసు, నాకింకా దొరకలేదు, అంతే అనుకున్నాను. నేనే ఎక్కి సమాధుల రోడ్డు దాకా వెళ్ళొచ్చాను. స్పీడ్ బ్రేకర్ల మీద ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడ్డాను. పందొమ్మిదేళ్ళ తర్వాత మోకాళ్ళు వాటంతటవే వంగి, బండిని కిందికి వదిలి, మళ్ళీ అందుకున్నాయి. మర్చిపోతాననుకున్నది ఒళ్ళు మర్చిపోలేదు. బండిలో ఏ లోపమూ లేదు. తిరిగొచ్చేసరికి అది నాదని నిశ్చయించుకున్నాను. మొహంలో మాత్రం కనపడనివ్వలేదు.

చాయ్ వచ్చింది. మాటల్లో ఆయన ఆస్కార్ సంగతి ఎత్తాడు. వందో ఆస్కార్ వేడుక 2028లో, స్టంట్‌లకు విడిగా అవార్డు ఇవ్వబోయేది అక్కడి నుంచే. అకాడమీ ఆ సంగతి 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ప్రకటనకు వేసిన బొమ్మలో మన 'ఆర్ఆర్ఆర్' సినిమాకూ చోటిచ్చారు. ఆయన దాన్ని ఫోన్‌లో దాచుకున్నాడు. నాకు చూపించి, మళ్ళీ తను కూడా ఒకసారి చూసుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎంతకిస్తావు?" అన్నాను.

"95 కావాలన్నా."

"బండి పడిందిగా?"

"పడ్డది. పడకుంటే డబ్బులెవరిస్తరు?"

"ఎన్నిసార్లు? ఏమేం మార్చావు? లెక్కేమన్నా ఉందా?"

లెక్క ఉంది. లోపలికి చూసి "పుస్తకం తే" అన్నాడు. ఆవిడ ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ఆయన చేతికిచ్చింది. అట్ట చిరిగింది కానీ లోపల చక్కగా రాసి ఉంది. పడినప్పుడల్లా ఒక కాయితం. పైన తేదీ, కింద మార్చిన సామాను, ఖర్చు, ఎవరిచ్చారో. పెద్ద పెద్ద అక్షరాలు, ఆయనవే. ఆయన పుస్తకాన్ని చేతిలోనే పట్టుకుని ఒక్కొక్క కాయితమే తిప్పి చూపించాడు.

2022 మార్చి 6. ముందు రిమ్ము, పుల్లలు 14. రూ. 5,200. కంపెనీ ఇచ్చింది.

2023 జనవరి 22. హ్యాండిల్, లివర్లు రెండు, హెడ్‌లైటు. రూ. 6,850. కంపెనీ ఇచ్చింది.

2024 జూన్ 9. ఎడమ దిక్కు ఇంజన్ మూత, గేర్ రాడ్డు. రూ. 3,400. కంపెనీ ఇచ్చింది.

సినిమావాళ్ళ మాటల్లో కంపెనీ అంటే ఆ సినిమా తీసే నిర్మాణ సంస్థ. బండి అద్దెకొచ్చింది గనక వచ్చినట్టే తిరిగి పంపాలి, దానికి ఏమైనా అయితే బాగుచేయించి ఇవ్వాలి. ఖర్చు రాసిన అన్ని కాయితాల మీదా అదే మాట ఉంది. అంత శ్రద్ధగా రాసిన సర్వీసు లెక్క నేను షోరూముల్లో కూడా చూడలేదు. మొత్తం తొమ్మిది కాయితాలు. చివరిది 2025 ఆగస్టు 17. దాని మీద ఖర్చు లేదు. "గోడ జంపు. బండికి ఏం కాలే" అని ఉంది.

ఆ చివరి కాయితం నాకు అన్నిటికంటే నచ్చింది. అయినా బేరం బేరమే. తొమ్మిదిసార్లు పడిన బండి అన్నాను. మెడ దగ్గర నొక్కు ఉందన్నాను. హ్యాండిల్ అసలుది కాదన్నాను. నాలుగేళ్ళ బండికి, అదీ సినిమాల్లో దూకిన బండికి, 78 కూడా ఎక్కువేనన్నాను. నేనన్న ఒక్క మాటలోనూ అబద్ధం లేదు. ఆయన కాదనలేదు. ప్రతిదానికీ తల ఊపి, చివర మాత్రం అదే మాట అన్నాడు.

"95 కావాలన్నా."

నేను లేచి హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాను. ఇది బేరంలో ఆఖరి పని, ఇద్దరికీ తెలిసిందే. నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు. 82 దగ్గర తెగింది.

ఆర్సీ చూశాను. ఛాసిస్ నంబర్ మీద మట్టి గీకి, అంకె అంకె సరిపోల్చుకున్నాను. ఫైనాన్స్ లేదు, చలాన్లు రెండుంటే అక్కడే కట్టించాను. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాడు. డబ్బు ఫోన్‌లోనే పంపాను. బయల్దేరబోతూ, ఆ లెక్క కూడా కావాలని అడిగాను. రేపు నేను అమ్మాలన్నా పనికొస్తుంది.

"తీస్కో. బండి లెక్క బండితోటే పోవాలె" అని ఆ తొమ్మిది కాయితాలూ పుస్తకంలోంచి చింపాడు.

గుమ్మంలో ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి "అయ్యో, ఆ కాయితాలు..." అంది. ఆయన ఆమె వంక చూశాడు. "పోనీ" అన్నాడు. ఆమె మరేం అనలేదు.

నేను బండి స్టార్ట్ చేసి గల్లీ మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. చెయ్యెత్తాడు.

ఆ రాత్రి ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫారాలు అన్నీ ఒక ఫైల్లో సర్దుతున్నాను. ఆ చివరి కాయితం మళ్ళీ ఒకసారి చదువుకుందామని పైన పెట్టాను. గోడ జంపు, బండికి ఏం కాలే. ఫ్యాను గాలికి అది టేబుల్ మీద తిరగబడింది.

వెనక కూడా రాసి ఉంది. నీలం సిరాతో సన్నటి అక్షరాలు. ఆవిడ చేతిరాత.

మిగతావి కూడా తిప్పాను. ముందు వైపు ఏ తేదీ ఉందో వెనక కూడా అదే తేదీ.

2022 మార్చి 6. ఎడమ చెయ్యి మణికట్టు. కట్టు, మందులు 18,500. అక్క దగ్గర తెచ్చినం.

2023 జనవరి 22. భుజం ఎముక. ప్లేటు ఏసిండ్రు. 1,35,000. పుస్తెలతాడు కుదువ.

2024 జూన్ 9. పక్కటెముకలు రెండు. దవాఖానకు పోలే.

కంపెనీ ఇచ్చింది అన్న మాట కోసం తొమ్మిదింటి వెనకా వెతికాను. ఒక్కదాని మీదా లేదు.

బండికి ఏం కాలే అని రాసిన ఆ చివరి కాయితం వెనక ఇలా ఉంది.

2025 ఆగస్టు 17. కుడి మోకాలు. నరం తెగింది. ఆపరేషన్ 2,20,000. చిట్టీ పైసలు 80 వేలు. అక్క 45 వేలు. ఇంకా కావాల్సింది 95 వేలు. బండి అమ్మాలె.

ఫోన్ తెరిచి చూశాను. మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు నా ఖాతాలోంచి వెళ్ళింది 82 వేలు.